నాన్న పద్యాలూ నా ట్యూనర్ కార్డూ

కంప్యూటర్లో టీవీ వస్తుందని బందరు జనానికి మొదట చూపించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒకప్పుడు ఈ మాట ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. కోనేరు సెంటరు దగ్గర నాకో ఇరుకు షాపు ఉండేది. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించడం, మొరాయించినవాటిని బాగుచెయ్యడం నా వృత్తి. ఆ రోజుల్లోనే టీవీ ట్యూనర్ కార్డు అనే వస్తువు వచ్చింది. అరచెయ్యంత ఆకుపచ్చ పలక. దాన్ని కంప్యూటరు డబ్బాలో గుచ్చి, వెనకాల కేబుల్ వైరు తగిలించి, దాంతో పాటు ఇచ్చిన సీడీ ఎక్కిస్తే తెర మీద టీవీ బొమ్మ వస్తుంది. వచ్చినదాన్ని హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు కూడా. అలాగని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. అట్టపెట్టె మీద రాయడానికి ఏం పోయింది, ఏదైనా రాస్తారు.

మా నాన్న బందరు–అవనిగడ్డ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగాక పద్యనాటకాల్లో రాజు వేషం. అటు ముదినేపల్లి నుంచి ఇటు దివిసీమ చివరి ఊరి దాకా ఆయన పద్యం వినని ఊరు లేదనే చెప్పాలి. పద్యం చివర రాగం ఎత్తుకున్నాడంటే పందిట్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేసేవాళ్ళని చెప్పుకుంటారు. నలుగురూ అనగా విన్న మాటే ఇది. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆయన నాటకానికి ఒక్కదానికీ వెళ్ళలేదు. ఒక్క అక్షరాన్ని పట్టుకుని అయిదు నిమిషాలు సాగదీస్తారేంటి, పనీపాటా లేదా అని నా చిరాకు. ఆయన కూడా రమ్మని అడిగేవాడు కాదు. ఒకే ఇంట్లో అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక చలికాలంలో ఏదో టీవీ చానల్ వాళ్ళు నాన్న బృందాన్ని హైదరాబాదు స్టూడియోకి పిలిపించి అరగంట కార్యక్రమం తీశారు. అందులో నాన్నవి మూడు పద్యాలు. ఎప్పుడు వేసేదీ తర్వాత ఉత్తరం రాస్తామన్నారు. ఆ ఉత్తరం రాలేదు గానీ ఈలోపు నాన్న గొంతు బొంగురుపోయింది. జలుబనుకుని మిరియాల పాలు తాగాడు. ఎండాకాలం వచ్చేసరికి మాట గుసగుసల్లోకి దిగింది. బెజవాడ తీసుకెళ్తే డాక్టరు గారు గొంతులో పుండు పెరుగుతోందన్నారు. స్వరపేటిక తీసెయ్యాలన్నారు. "ప్రాణం దక్కుతుందండీ, గొంతు మాత్రం దక్కదు" అని మొహం మీదే చెప్పారు. నాన్న తల ఊపి, చొక్కా గుండీలు పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

ఆపరేషన్ మంగళవారం అన్నారు. శనివారమే చేరిపొమ్మన్నారు. అప్పుడు, ఆ దిక్కుమాలిన వారంలో వచ్చింది టీవీ వాళ్ళ ఉత్తరం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కార్యక్రమం. నాన్నేమో అప్పటికి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. ఆ వార్డులో టీవీ లేదు. ఇంట్లో ఉన్న ఒకటి రెండు పాత క్యాసెట్లు బందరు ఉప్పుగాలికి బూజుపట్టి ఎప్పుడో పోయాయి. పోనీ ఇప్పుడు పాడించి పట్టుకుందామంటే ఆయనకి మాటే పలకడం లేదు. అంటే నాన్న గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ ఆదివారం అరగంట వస్తుంది, పోతుంది, అంతే.

"నేను ఎలాగూ చూడలేను. అమ్మ నాతో వస్తుంది. నువ్వు ఇంట్లోనే ఉండి పట్టి ఉంచు. ఇదంతా అయ్యాక వింటాను" అన్నాడు నాన్న. చెవి దగ్గర పెడితే తప్ప వినపడలేదు. జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

ఇంకేముంది, ఇంట్లో కంప్యూటరుకి ట్యూనర్ కార్డు బిగించాను. వారం రోజులు అది నాకు చుక్కలు చూపించింది. మొదట బొమ్మ నలుపు తెలుపుల్లో పైకీ కిందకీ దొర్లింది. ఏంట్రా అని చూస్తే దేశాల జాబితాలో అమెరికా పెట్టి ఉంది. దాన్ని ఇండియాకి మారిస్తే రంగులు వచ్చాయి. బొమ్మ వచ్చింది కదా అంటే శబ్దం లేదు. డబ్బా విప్పి కార్డు నుంచి సౌండుకి వెళ్ళే చిన్న వైరు మార్చాను. శబ్దం వచ్చింది, రికార్డు చేసి చూస్తే మళ్ళీ గొడవ. తెర మీద వార్తలు చదివే ఆవిడ నోరు కదుపుతోంది, ఆవిడ నోట్లోంచి "నీ మొహం మండా, పలకవేమే" అని నా తిట్లు వస్తున్నాయి. అది టీవీ శబ్దం బదులు మైకు శబ్దం పట్టింది. అమ్మ పక్కనే నిలబడి నవ్వింది. ఆ వారంలో ఆవిడ నవ్వడం అదొక్కసారే.

అది సరిచేస్తే పెదవులు ముందు, మాట వెనక. అది సరిచేస్తే పది నిమిషాలకి తెర బిగుసుకుపోవడం. వైరస్ వెతికే ప్రోగ్రామ్ తీసేశాను, తెర దానంతటది ఆరిపోకుండా చేశాను, డిస్కులో ఉన్న సినిమాలన్నీ చెరిపేశాను. శుక్రవారం సాయంత్రానికి ఎర్ర చుక్క బటన్ నొక్కితే గంటసేపు తూచా తప్పకుండా రికార్డయింది. మూసి, మళ్ళీ తెరిచి, వేసి చూశాను. మాటా పెదవీ కలిసే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. అక్కడితో చేతులు కట్టుకుని కూర్చుంటే ఎంత బావుండేది!

ఆదివారం రెండింటికల్లా నాన్న బృందమంతా మా ఇంట్లో దిగింది. దివిసీమ నుంచి అయిదుగురు, గుడివాడ నుంచి హార్మోనియం వాయించే మావయ్య. ఆయన మాకు చుట్టం కాదు. పాతికేళ్ళుగా నాన్న పద్యానికి పెట్టె పలికించిన మనిషి కాబట్టి నాన్నకి బావ, నాకు మావయ్య. సంచిలోంచి చిన్న టేపురికార్డరు తీశాడు.

"అల్లుడూ, ఎందుకైనా మంచిది, ఇది కూడా పక్కన పెట్టుకుంటాను."

"పరువు తియ్యకు మావయ్యా! ఫ్యాను చప్పుడూ, మీ దగ్గులూ తప్ప దాంట్లో ఏం పడతాయి? లోపల పెట్టేయ్."

పాపం, నా మాట విన్నాడు. సంచిలో పెట్టేసుకున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిచారంటే నటుడు మళ్ళీ పాడి తీరాలి. కత్తిపోటు తిని పడిపోయినవాడైనా లేచి, పాడి, మళ్ళీ పడిపోవాలి. పాడకపోతే ఆ ఊరి నుంచి మరి పిలుపు రాదు. మావయ్య తెరకేసి చూసి, "మా బావ పద్యం ఒక్కసారి విని ఊరుకునే అలవాటు మాకు లేదు. వన్స్ మోర్ అంటే ఈ డబ్బాలో పలికేదెవరమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు పౌరుషం వచ్చింది. "నేను పలికిస్తాను, మీరు అరవండి" అన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్లో ఎర్ర చుక్క పక్కనే ఇంకో బటన్ ఉంది. టైమ్ షిఫ్ట్ అంటారు. అది నొక్కితే టీవీని నడుస్తుండగానే ఆపొచ్చు, వెనక్కి లాగి మళ్ళీ చూడొచ్చు. ఎర్ర చుక్క నొక్కితే మాత్రం వెనక్కి లాగడం కుదరదు. రెండూ ఒకేసారి పనిచెయ్యవు. పరీక్షించి చూశాను. టైమ్ షిఫ్ట్ నొక్కగానే డిస్కులో ఒక ఫైలు పుట్టి పెరగడం మొదలుపెట్టింది. పెరుగుతోంది కదా, ఏ బటన్ నొక్కితేనేం అనుకున్నాను. మూసేశాక ఆ ఫైలు ఉంటుందా లేదా అని చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. వారం రోజులు ప్రతి చిన్నదాన్నీ మూడేసి సార్లు చూసుకున్నవాణ్ణి, ఈ ఒక్కటీ చూసుకోలేదు.

మూడు కొట్టింది. ఎరువుల ప్రకటన వచ్చింది. తర్వాత నాన్న వచ్చాడు. కిరీటం, మీసం, భుజం మీద పట్టు గుడ్డ. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. నేను తెర మూలన ఉన్న అంకెలు చూస్తున్నాను. డిస్కులో ఎంత ఖాళీ ఉంది, రికార్డులో పడకుండా ఎన్ని బొమ్మలు జారిపోయాయి. జారినవి సున్నా. సున్నాగానే ఉండు తల్లీ, కదలకు అని దానికే దణ్ణాలు పెట్టుకుంటున్నాను.

మొదటి పద్యం అయ్యీ అవగానే ఇల్లు దద్దరిల్లింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" కింద ఉన్న గీతని మౌసుతో పట్టుకుని వెనక్కి లాగాను. నాన్న మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒకాయన లేచి నిలబడి చేతులు జోడించాడు. మావయ్య తన ఒళ్ళో లేని హార్మోనియం మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. రెండో పద్యానికీ అదే గోల, నేను మళ్ళీ లాగాను. అలా లాగిలాగి మేం పది నిమిషాలు వెనకబడ్డాం. టీవీలో కార్యక్రమం అయిపోయి ఇంకేదో మొదలైపోయినా మా ఇంట్లో నాన్న ఇంకా పాడుతూనే ఉన్నాడు. దేవుడికి కూడా సాధ్యం కాని పని చేస్తున్నానని గర్వంతో పొంగిపోయాను. మూడో పద్యం వచ్చింది, చివర పేర్లు పైకి పాకాయి, జారిన బొమ్మలు సున్నా.

అందరూ లేచి వరండాలోకి వెళ్ళారు. నేను సీడీలో ఎక్కిద్దామని ప్రోగ్రామ్ మూసేశాను. ఫోల్డరు తెరిచాను. ఖాళీ.

మళ్ళీ తెరిచాను. ఖాళీ. తర్వాత దాని పుస్తకంలో చదివాను, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. టైమ్ షిఫ్ట్ ఫైలు తాత్కాలికమట. ప్రోగ్రామ్ మూస్తే దానంతటది చెరిగిపోతుందట. చెరపమంటావా అని ఒక్క మాట అడగలేదు, ముదనష్టపుది. దాన్ని అని ఏం లాభం? చెరిపింది నేను.

చెరిగిన ఫైలుని బయటికి లాగే ప్రోగ్రాములుంటాయి. అలాంటప్పుడు ఆ డిస్కు మీద మరి వేలు పెట్టకూడదు, ఏం రాసినా పోయినదాని మీదే పడుతుంది. ఈ ముక్క షాపుకొచ్చిన ప్రతివాడికీ నేను క్లాసు పీకేవాణ్ణి. ఆ క్షణంలో నేను చేసిందేంటో తెలుసా? ఆ ప్రోగ్రాముని తెచ్చి, ఆ డిస్కు మీదే ఎక్కించాను. వినాశకాలే విపరీత బుద్ధి అంటారు, నాకది చాలా చిన్న మాట.

వరండాలోంచి మావయ్య కేకేశాడు. "వెళ్ళొస్తాం అల్లుడూ! నువ్వు పుట్టాక మీ నాన్నకి చేసిన మంచి పని ఇదే." బయటికి వచ్చి నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలీదు.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళాను. నాన్న నన్ను చూడగానే వేలు గుండ్రంగా తిప్పి చూపించాడు. రికార్డయిందా అని.

"అయింది నాన్నా. బ్రహ్మాండంగా వచ్చింది."

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాన్న దిండు మీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన ఆ మాట పట్టుకునే లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత నెలన్నర షాపులో నేను వేరే పని ముట్టుకోలేదు. డిస్కు విప్పి ఇంకో కంప్యూటరుకి తగిలించాను. దొరికిన ప్రతి ప్రోగ్రామూ వాడాను. పేరూ ఊరూ లేని పెద్ద ఫైలు ఒకటి బయటపడింది. ఆరోజు ఎగిరి గంతేశాను. తెరిస్తే తెరుచుకోదు. దాన్ని ముక్కలు చేసి, ముక్కకి తల అతికించి, తోక అతికించి ఆడిస్తే ఆకుపచ్చ గళ్ళూ, కిర్రుమనే చప్పుడూ. ఒక్క ముక్క మాత్రం శుభ్రంగా పలికింది, ఏడు సెకన్లు. ఎరువుల ప్రకటన. ఆ చివర కిరీటం అంచు కనపడి ఆగిపోయింది. దాన్ని ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. షాపు తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను.

టీవీ వాళ్ళకి ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. "టేపులు చాలవండీ. ఒకసారి వేశాక దాని మీదే ఇంకోటి తీసేస్తాం" అన్నాడు. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు.

నాన్న ఇంటికొచ్చాడు. మెడ దగ్గర చిల్లు, దాని మీద పల్చటి గుడ్డ. ఏం కావాలన్నా నోట్‌బుక్‌లో రాసేవాడు. నేను సీడీ సరిగ్గా ఎక్కట్లేదనీ, ఇవాళనీ రేపనీ నెట్టుకొచ్చాను. ఒకరోజు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ తెచ్చి కంప్యూటరు ముందు వేసుకుని కూర్చున్నాడు. నోట్‌బుక్ చూపించాడు. "ఇవాళ వింటాను" అని ఉంది.

ఇంక దాచలేకపోయాను. "లేదు నాన్నా. పోయింది. నేనే పోగొట్టాను" అని అంతా చెప్పేశాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "నీ తెలివి తగలెయ్య! నిన్ను నమ్ముకుని కదరా ఆయన లోపలికెళ్ళింది!" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. పాతికేళ్ళు దాటినవాణ్ణి, తలొంచుకుని నిలబడ్డాను. నాన్న ఆరిపోయిన తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పెన్ను అందుకున్నాడు.

"మూడో పద్యం రాగం మొత్తం వేశారా, కోశారా?" అని రాశాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే కింద రాసుకుంటూ పోయాడు. స్టూడియోలో ఆ రాగం ఎత్తుకున్నప్పుడు టైమైపోయింది, ఆపమని చెయ్యి ఊపారట. ఆపలేదట. జన్మలో అంత బాగా ఎప్పుడూ పలకలేదట, ఆఖరిసారని గొంతుకే తెలిసినట్టుందట. "అదొక్కటీ జనం విన్నారా? విని ఉంటే నాకు చాలు" అని రాసి నా మొహంలోకి చూశాడు.

"వేశారు నాన్నా. మొత్తం వేశారు. అందరూ విన్నారు."

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. నోరు తెరిచి ఏదో అనబోయాడు, గాలి మాత్రం మెడ దగ్గర గుడ్డని కదిపింది.

రికార్డు పోయిన సంగతి అమ్మ ద్వారా తెలిసి, తర్వాతి వారం గుడివాడ నుంచి మావయ్య వచ్చాడు. నాన్న మొహం వెలిగిపోయింది. గబగబా నోట్‌బుక్ తీసి, "రాగం మొత్తం వేశారంట కదా బావా" అని రాసి చూపించాడు. మావయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. తలెత్తి నాకేసి చూశాడు.

"అవును బావా. మొత్తం వేశారు. అదరగొట్టేశావనుకో" అన్నాడు.

భోజనాలయ్యాక ఆయన్ని బస్సెక్కించడానికి వెళ్ళాను. స్టాండులో గుడివాడ బస్సు ఇంకా రాలేదు. మావయ్య గొంతు తగ్గించి అన్నాడు:

"మంచి పనే చేశావు అల్లుడూ. ఆ దరిద్రులు రాగం ఎత్తుకోగానే కోసేసి పేర్లు వేశారు కదా. మేమందరం ఉసూరుమన్నాం. ఆపరేషన్ అయ్యేదాకా ఈ సంగతి బావ చెవిన వెయ్యకూడదని మీ వరండాలోనే ఒట్టు పెట్టుకున్నాం. నువ్వు కూడా భలే పొట్టలో దాచుకున్నావు."

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఆయనే దారి చూపించాడు.

"కోశారని నాకు తెలీదు మావయ్యా" అన్నాను.

"తెలీకపోవడం ఏంట్రా? అందరికంటే ముందు కూర్చున్నది నువ్వే కదా?"

"కూర్చున్నాను. వినలేదు."

గుడివాడ బస్సు వచ్చి ఆగింది. మావయ్య సంచి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా ఎక్కి, అవతలి పక్క సీట్లో కూర్చున్నాడు.